జపాన్ మాంగా పరిశ్రమలో విదేశీ చిత్రకారులు

నిర్వచనం, పరిధి

జపాన్‌లో వార, మాస పత్రికలలో ధారావాహికలుగా వెలువడి, పాఠకాదరణ దొరికినప్పుడు 'టాంకోబోన్' అనే చిన్న సంపుటాలుగా అచ్చయ్యే బొమ్మల కథలను మాంగా అంటారు. వీటిని గీసేవారిని 'మాంగాకా' అని వ్యవహరిస్తారు. చాలా సందర్భాలలో కథకుడు, చిత్రకారుడు ఒక్కరే. జపాన్ పౌరులు కానివారు, జపనీస్ మాతృభాష కానివారు ఈ పరిశ్రమలో చేరి పనిచేయడం 1990 ప్రాంతంలో అక్కడక్కడ మొదలై, 2000 తరువాత కొంత తరచుగా జరుగుతోంది. అలా చేరినవారికి ఎదురయ్యే భాషా, వృత్తి, చట్ట సంబంధమైన ఇబ్బందులు, వాటికి మూలమైన పరిశ్రమ నిర్మాణం ఈ వ్యాసంలో ప్రధానాంశాలు. ఇతర దేశాలలో మాంగా శైలిలో గీసి అక్కడే అచ్చువేసే కథలు ఈ పరిధిలోకి రావు గాని, అవి తిరిగి జపాన్‌కు చేరిన సందర్భాలు వస్తాయి.

తెలుగు ప్రాంతంలో ఈ అంశానికి అతి దగ్గరగా నిలిచేది హైదరాబాదులో విదేశీ నిర్మాతల కోసం పనిచేసే యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల అనుభవం. మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం చుట్టూ ఉన్న ఐటీ ప్రాంతంలో పనిచేసి నిజాంపేట, కూకట్‌పల్లి, మియాపూర్ వంటి చోట్ల నివసించే చిత్రకారులు పరాయి పరిశ్రమకు బొమ్మలు అందించడమంటే ఏమిటో బాగా ఎరిగినవారు. అయితే ఆ అనుభవం మాంగా రంగంలో ఎంతవరకు అక్కరకు వస్తుందన్నది వేరే ప్రశ్న (చూ. హైదరాబాదు స్టూడియోలు).

చారిత్రక నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధం తరువాతి మాంగాకు 1947లో తెజుకా ఒసాము గీసిన 'షిన్ తకరాజిమా' మార్గం వేసిందని సాధారణంగా భావిస్తారు. 1959 మార్చిలో కొడన్షా, షొగకుకాన్ సంస్థలు చెరొక బాలుర వారపత్రికను ప్రారంభించడంతో నెలకొక భాగం గీసే అలవాటు పోయి వారానికొక భాగం గీయవలసిన స్థితి వచ్చింది. 1968లో షుఎయిషా ప్రారంభించిన 'షోనెన్ జంప్' మరుసటి ఏడాది వారపత్రికగా మారి, 1990ల మధ్యనాటికి 65 లక్షల ప్రతులు దాటింది. ఒక్కొక్క వారపు భాగం సుమారు 19 పుటలు ఉంటుంది. ఒక మనిషి ఒంటరిగా మోయలేని ఈ వేగం నుంచే సహాయకుల వ్యవస్థ, సంపాదకుడి అధికారం, పాఠకుల ఓట్లను బట్టి కథను కొనసాగించడమో ఆపేయడమో చేసే పద్ధతి పుట్టాయి. విదేశీయులకు ఎదురయ్యే ఇబ్బందులలో పెద్ద భాగానికి మూలం ఈ వేగమే.

విదేశీ చిత్రకారులను పనిగట్టుకొని ఆహ్వానించిన మొదటి ప్రధాన పత్రికగా కొడన్షా వారి 'మార్నింగ్'ను చెప్పవచ్చు. తైవాన్ చిత్రకారుడు చెన్ ఉయెన్ ప్రాచీన చైనా వీరుల గాథలను కుంచెతో, సిరాతో గీసి 1990 నుంచి అందులో ప్రచురించి, 1991లో జపాన్ కార్టూనిస్టుల సంఘం పురస్కారం పొందారు. ఫ్రాన్సుకు చెందిన బారూ అదే సంస్థ కోరికపై గీసిన నాలుగు వందలకు పైగా పుటల 'లోతోరూత్ ద్యు సొలేయ్' ఫ్రెంచిలో 1995లో వెలువడి, మరుసటి సంవత్సరం ఆంగులేమ్ చిత్రకథోత్సవంలో ఉత్తమ గ్రంథంగా ఎంపికైంది. అమెరికన్ చిత్రకారుడు పాల్ పోప్ 1990ల రెండో సగంలో కొడన్షా కోసం కొన్నేళ్లు పనిచేసినా ఆ పనిలో ఎక్కువ భాగం అచ్చుకు నోచుకోలేదు. ఖర్చు భరించగల సంస్థ, సమర్థుడైన చిత్రకారుడు కలిసినా ఫలితం దక్కకపోవచ్చుననడానికి ఈ చివరి ఉదాహరణ ముఖ్యమైనది.

2000 తరువాత నిలకడగా నెగ్గినవారిలో కొరియా చిత్రకారులు ముందున్నారు. యూన్ ఇన్-వాన్ రచనకు యాంగ్ క్యుంగ్-ఇల్ బొమ్మలు వేసిన 'షిన్ అంగ్యో ఓన్షి' 2001 నుంచి 2007 వరకు షొగకుకాన్ పత్రికలో నడిచింది. బోయిచి అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన కొరియా చిత్రకారుడు 2006 నుంచి పదేళ్లు 'సన్-కెన్ రాక్' గీసి, 2017 నుంచి 2022 వరకు జపాన్ రచయిత ఇనగాకి రిచిరో కథకు 'డాక్టర్ స్టోన్' బొమ్మలు గీశారు. ఈ కథకు 2019లో షొగకుకాన్ మాంగా పురస్కారం లభించింది. జపాన్ సంస్కృతి దిగుమతిపై కొరియాలో 1998 వరకు అధికారిక ఆంక్షలు ఉన్నా, అనధికార ప్రతుల ద్వారా అక్కడి పిల్లలు మాంగా చదువుతూనే పెరిగారు. రెండు భాషల వాక్య నిర్మాణం దగ్గరగా ఉండడం, టోక్యోకు ప్రయాణం కొన్ని గంటలే కావడం కూడా వారికి కలిసి వచ్చాయి.

పశ్చిమ దేశాలవారిలో ఫెలిపే స్మిత్ టోక్యోలో స్థిరపడి, 'మార్నింగ్ టూ' పత్రికలో 2008–2009లో 'పీపో చూ' అనే మూడు సంపుటాల కథను జపాన్ పాఠకుల కోసమే గీశారు. స్వీడన్ నుంచి వచ్చిన ఓసా ఎక్స్‌త్రోమ్ తన జపాన్ జీవితాన్ని నాలుగు గడుల చిన్న కథలుగా గీయగా 2015లో కదొకావా సంస్థ వాటిని పుస్తకంగా తెచ్చింది. ఫ్రాన్సుకు చెందిన టోనీ వాలెంతే గీసిన 'రేడియంట్' 2013లో ఫ్రెంచిలో, 2015లో జపనీస్‌లో వెలువడి, 2018లో ఎన్‌హెచ్‌కే ఛానల్‌లో యానిమేషన్ ధారావాహికగా ప్రసారమైంది.

సంపాదకుడు, నేము

మాంగా తయారీలో మొదటి దశను 'నేము' అంటారు. ఇది ప్రతి పుటలో గడులు ఎన్ని, వాటి కొలతలేమిటి, ఎవరు ఏ మాట అంటారు, ఏ పుట చివర పాఠకుడు ఆగుతాడు అన్నవి పెన్సిలుతో ముతకగా గీసి చూపే చిత్తుప్రతి. బొమ్మ అందంతో దీనికి నిమిత్తం లేదు. కథకు కేటాయించిన సంపాదకుడు దీన్ని చదివి అంగీకరించేవరకు సిరాతో గీసే పని మొదలుకాదు. కొత్తవారి నేము అనేకసార్లు తిరిగి వస్తుంది. ఈ దశలో సంపాదకుడు అడిగే ప్రశ్నలు పాత్ర ఉద్దేశం గురించి, సంభాషణ సహజత్వం గురించి, పాఠకుడి వయస్సు, అభిరుచి గురించి ఉంటాయి. వాటికి ముఖాముఖి జపనీస్‌లో జవాబు చెప్పగలగాలి; చెప్పడమే కాదు, సంపాదకుడు మర్యాద కోసం సూటిగా అనని అభ్యంతరాన్ని మాటల మధ్య పసిగట్టగలగాలి.

దుబాసీ ద్వారా ఈ సంభాషణ సాగుతుందని అనుకోవడం అనుభవం లేనివారి పొరపాటు. తర్జుమాలో విషయం అందుతుంది కాని, వారానికొకసారి కొన్ని గంటలపాటు ఇద్దరు మనుషులు కథను ఇటూ అటూ తిప్పి చూసే చనువు అందదు. జపాన్ రచయిత కథకు బొమ్మలు వేసే విదేశీ చిత్రకారుడికి ఉన్న సౌలభ్యం ఇక్కడే ఉంది: రచయిత వేరే ఉన్నప్పుడు నేము భారంలో భాషకు సంబంధించిన సగం ఆయన మీదకు వెళ్తుంది.

కొత్తవారు తమ రాతప్రతిని స్వయంగా ప్రచురణ సంస్థకు తీసుకువెళ్లి సంపాదకుడికి చూపే ఆచారాన్ని 'మొచికొమి' అంటారు. ముందుగా ఫోను చేసి సమయం అడిగితే పేరులేని యువకుడి ప్రతిని కూడా సంపాదకుడు ఎదుట కూర్చుని చదువుతాడు. ఇంత పెద్ద పరిశ్రమ తన తలుపును ఇంత తేలికగా తెరిచి ఉంచడం ప్రశంసించదగిన విషయం. అయితే ఆ తలుపు దగ్గరికి చేరడానికి టోక్యోలో ఉండాలి, ఫోనులో గౌరవభాష మాట్లాడగలగాలి.

ప్రవేశ మార్గాలు

మొచికొమి కాక, కొత్తవారి పోటీలు రెండో మార్గం. షుఎయిషా 1971లో నెలకొల్పిన తెజుకా పురస్కారం వంటివి ప్రధానంగా జపనీస్‌లో రాసేవారికి ఉద్దేశించినవి. విదేశీయుల కోసం జపాన్ విదేశాంగ శాఖ 2007లో అంతర్జాతీయ మాంగా పురస్కారాన్ని ప్రారంభించింది. ఇది గౌరవం ఇస్తుంది కాని పత్రికలో చోటు హామీ ఇవ్వదు. కోఆమిక్స్ సంస్థ 2010ల మొదట్లో ప్రారంభించిన 'సైలెంట్ మాంగా ఆడిషన్' భాషా సమస్యను మరో విధంగా ఎదుర్కొంది: మాటలు లేకుండా బొమ్మలతోనే కథ చెప్పాలన్న నియమం పెట్టి, ఏ దేశంవారి కథనైనా సంపాదకులు నేరుగా బేరీజు వేయగలిగే వీలు కల్పించింది. గడుల అమరికపై పట్టు ఉన్నవారిని గుర్తించడానికి ఇది నిజంగా పనికివచ్చే పద్ధతి.

మూడో మార్గం విద్య. క్యోటో సెయికా విశ్వవిద్యాలయంలో 2006లో మాంగా కోసం ప్రత్యేక విభాగం ఏర్పడి విదేశీ విద్యార్థులను కూడా చేర్చుకుంటోంది. నాలుగోది సహాయకుడిగా చేరడం (చూ. సహాయకులు).

సహాయకులు

నేపథ్య చిత్రాలు, వేగాన్ని సూచించే గీతలు, నీడల కోసం అతికించే చుక్కల పొరలు వంటి పనులు చేసేవారిని మాంగాకా తన సొంత ఖర్చుతో పెట్టుకుంటాడు. అమెరికా యువతి జేమీ లిన్ లానో 'ప్రిన్స్ ఆఫ్ టెన్నిస్' రెండో భాగానికి సహాయకురాలిగా పనిచేసి ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశారు. గీతలో నైపుణ్యం ఉంటే ఈ పనికి భాష అంతగా అడ్డురాదనిపిస్తుంది. వాస్తవంలో తక్కువ మాటలతో ఇచ్చే సూచనలను అర్ధరాత్రి గడువు ఒత్తిడిలో తప్పులేకుండా అందుకోవాలి. పైగా జపాన్ బడి తరగతి గది, రైల్వే గేటు, వీధిలోని కరెంటు స్తంభాలు, ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోటు వంటివి అక్కడ పెరిగినవారు చూడకుండానే గీస్తారు. పరాయివారు ప్రతిదానికీ ఫొటో వెతుక్కోవాలి.

భాష, చిత్ర సంప్రదాయాలు

మాంగా కుడి నుంచి ఎడమకు చదివే కథ. ఎడమ నుంచి కుడికి చదివే తెలుగు, ఇంగ్లీషు పాఠకుడికి గడుల క్రమం తారుమారైనట్లు తోచడం చిన్న విషయం. పాత్రల చూపు, పరుగు, దెబ్బ తగిలే దిశ అన్నీ ఆ క్రమం మీద ఆధారపడడం పెద్ద విషయం. శబ్దాలను సూచించే మాటలను మాంగాకా బొమ్మలో భాగంగా చేతితో రాస్తాడు. నిశ్శబ్దాన్ని, బిడియాన్ని, చూపు తీక్షణతను తెలిపే అనుకరణ పదాలు కూడా జపనీస్‌లో ఉన్నాయి కనుక వీటిని నిఘంటువు చూసి వేయడం కుదరదు.

అచ్చు కోసం బొమ్మలు గీసే కాగితం సాధారణంగా బీ4 కొలతలో, అంటే 257 x 364 మిల్లీమీటర్లలో ఉంటుంది. నలుపు తెలుపులలో, చవక కాగితం మీద అచ్చయ్యే పత్రికకు సన్నని బూడిద రంగు ఛాయలు పనికిరావు; గీత మందం, చుక్కల సాంద్రతతోనే లోతు చూపాలి. సెల్సిస్ సంస్థ తయారుచేసిన 'క్లిప్ స్టూడియో పెయింట్' వంటి సాఫ్ట్‌వేర్ వల్ల ఈ సాంకేతిక భాగం ఇప్పుడు ఎక్కడున్నవారికైనా అందుబాటులోకి వచ్చింది. పరికరాల అంతరం తగ్గినకొద్దీ మిగిలిన అంతరం కథనానిదేనని మరింత స్పష్టమవుతోంది.

విదేశీయుడి కథకు పాఠకులు కోరే విషయం కూడా ఒక పరిమితే. ఎక్స్‌త్రోమ్ పుస్తకాల వలె జపాన్‌ను బయటివారి కంటితో చూసే కథలకు ఆదరణ ఉంది. ఆ చోటు దాటి, సాధారణ సాహస కథనో ప్రేమకథనో చెప్పి జపాన్ రచయితలతో సమానంగా నిలవడం కష్టతరం. తన పరాయితనమే సరుకుగా మారడం ఏ కళాకారుడికైనా దీర్ఘకాలంలో బరువే.

హైదరాబాదు స్టూడియోలు

హైదరాబాదులో విదేశీ నిర్మాతల కోసం యానిమేషన్ చేయడం 2000 తరువాత పెద్దయెత్తున సాగింది. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ ఐరోపా సంస్థలతో కలిసి 'ది జంగిల్ బుక్', 'ది లిటిల్ ప్రిన్స్' టీవీ ధారావాహికలు నిర్మించింది. అమెరికాకు చెందిన రిథమ్ అండ్ హ్యూస్ ముంబయితో పాటు హైదరాబాదులోనూ శాఖ నడిపింది. 'లైఫ్ ఆఫ్ పై' చిత్రానికి 2013 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చిన నెలలోనే ఆ మాతృసంస్థ దివాలా రక్షణ కోరింది. కష్టపడి చేసిన పనికి ప్రపంచ గుర్తింపు, కొలువుకు ముప్పు ఒకే నెలలో రావడం ఈ వృత్తిలోని అస్థిరతకు నిదర్శనం. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం ప్రకటించింది.

ఈ స్టూడియోలలో పని 'పైప్‌లైన్' పద్ధతిలో సాగుతుంది. పాత్రల రూపం, స్టోరీబోర్డు చాలాసార్లు విదేశీ నిర్మాత దగ్గరినుంచే వస్తాయి. మోడలింగ్, రిగ్గింగ్, రోటో, కాంపోజిటింగ్ వంటి భాగాలు వేర్వేరు చేతులు చేస్తాయి. షాట్ రివ్యూకు వెళ్లి, రీటేక్‌లు తీర్చుకుని, అప్రూవల్ పొందుతుంది. క్రమశిక్షణ, గడువు పాటింపు, ఇతరుల శైలిలో గీయగల నేర్పు ఇక్కడ బాగా అలవడతాయి. అవి మాంగా సహాయకుడికి ఉపయోగపడే గుణాలే. కథ ఎటు వెళ్లాలో నిర్ణయించే అవకాశం మాత్రం ఈ పద్ధతిలో కింది మెట్లకు అరుదుగా దక్కుతుంది. మాంగా మొదటి దశలోనే కోరేది ఆ నిర్ణయాన్ని. రాజీవ్ చిలకా స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2008లో 'ఛోటా భీమ్'ను ప్రారంభించి, 2019లో 'మైటీ లిటిల్ భీమ్'ను నెట్‌ఫ్లిక్స్ ద్వారా ప్రపంచానికి అందించడం ఇందుకు భిన్నమైన దారి: సొంత పాత్ర ఉన్నప్పుడు నిర్ణయాలూ ఇక్కడే జరిగాయి. మాటలు దాదాపు లేని 'మైటీ లిటిల్ భీమ్' భాషా సరిహద్దును దాటిన తీరు సైలెంట్ మాంగా నియమాన్ని గుర్తుకు తెస్తుంది.

తెలుగులో సంపాదకుడు, చిత్రకారుడు కలిసి కూర్చుని పనిచేసే సంప్రదాయం లేకపోలేదు. బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947లో మద్రాసులో ప్రారంభించిన 'చందమామ'కు కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980 వరకు సంపాదక బాధ్యత నిర్వహించగా, ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య వంటివారు బొమ్మలు వేశారు. వీరిలో శంకర్ తమిళుడు. తెలుగులో రూపుదిద్దుకునే కథలకు ఆయన దశాబ్దాలపాటు బొమ్మలు గీసి, విక్రమార్కుడు బేతాళుణ్ణి మోసుకువెళ్లే రూపాన్ని పాఠకుల మనసులో నిలిపారు. పరాయి భాషా కథలో చిత్రకారుడు ఇంటివాడిగా ఇమిడిపోవచ్చునని ఈ ఉదాహరణ చూపుతుంది. అందుకు కావలసినవి నెలజీతం, ఒకే కప్పు కింద పని, ఏళ్ల తరబడి సాగిన సాహచర్యం. బుజ్జాయి 'డుంబు' వంటి గడుల కథలు తెలుగులో వెలువడినా, వారం వారం కొత్తవారి చిత్రకథలను పరీక్షించి పెంచే పత్రికల వ్యవస్థ ఇక్కడ స్థిరపడలేదు. మాంగా వైపు చూసే తెలుగు యువ చిత్రకారుడికి జపాన్‌లో ఎదురయ్యే లోటుకంటే ముందుగా ఇంట్లోనే ఎదురయ్యే లోటు ఇది.

భాష నేర్చుకోవడానికి హైదరాబాదులో మార్గాలున్నాయి. తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో జపనీస్ బోధిస్తారు. 2013 నుంచి నగరంలో జరుగుతున్న కామిక్ కాన్ ఉత్సవం చిత్రకారులకూ పాఠకులకూ వేదికగా ఉంది.

హక్కులు, ఒప్పందాలు

జపాన్ కాపీరైటు చట్టం ప్రకారం రచయిత నైతిక హక్కులు, అంటే తన పేరు ఉండాలని, కృతిని తన ఇష్టానికి విరుద్ధంగా మార్చరాదని కోరే హక్కులు, ఇతరులకు బదిలీ చేయడానికి వీలులేనివి. మాంగాలో కాపీరైటు సాధారణంగా చిత్రకారుడి దగ్గరే ఉండి, ప్రచురణ హక్కు సంస్థకు వెళుతుంది. భారత కాపీరైటు చట్టం, 1957లోని 17వ సెక్షను ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన కృతికి, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానే మొదటి హక్కుదారు. 57వ సెక్షను రచయితకు నైతిక హక్కులు కల్పిస్తుంది. స్టూడియో ఉద్యోగానికి అలవాటుపడిన హైదరాబాదు చిత్రకారుడికి మాంగా ఒప్పందం ఈ కారణంగా కొత్తగా కనిపిస్తుంది: హక్కు తనది, నష్టభయం కూడా తనదే. కథ ఆగిపోతే జీతం ఉండదు, సహాయకులకు ఇవ్వవలసినది మాత్రం మిగులుతుంది. జపనీస్‌లో ఉండే ఒప్పంద పత్రంలో అనువాదం, యానిమేషన్, వస్తువుల అమ్మకం వంటి అనుబంధ హక్కుల నిబంధనలను న్యాయ సహాయంతో చదివించుకోవడం అవసరం.

పారితోషికం, పన్ను, నివాసానుమతి

పత్రిక పుటకు ఇంత అని చెల్లిస్తుంది. సంపుటం మీద రాయల్టీ సాధారణంగా ధరలో 10 శాతం ఉంటుంది. చాలామందికి పుట రుసుము సహాయకుల ఖర్చుకే సరిపోతుంది కనుక అసలు ఆదాయం సంపుటాల అమ్మకం నుంచే రావాలి. జపాన్‌లో నివసించనివారికి చెల్లించే రాయల్టీలో 20.42 శాతం పన్నుగా మినహాయిస్తారు. భారత–జపాన్ పన్ను ఒప్పందం ప్రకారం ముందుగా పత్రాలు దాఖలు చేస్తే అది 10 శాతానికి తగ్గుతుంది.

విద్యార్థి వీసాపై ఉన్నవారు అనుమతి తీసుకుని వారానికి 28 గంటలకు మించకుండా పనిచేయవచ్చు. వారపత్రిక గడువులకు ఆ పరిమితి సరిపడదు. 'కళాకారుడు' అన్న వర్గంలో నివాసానుమతికి ఆ కళతోనే జీవనం సాగుతున్నదని నిరూపించాలి, అంటే ధారావాహిక దొరికాకే వీసా, వీసా ఉంటేనే ధారావాహికకు ప్రయత్నం అన్న చిక్కు ఏర్పడుతుంది. ఒక వ్యక్తి దగ్గర సహాయకుడిగా చేరేవారికి సంస్థ తరఫు హామీ దొరకడం మరింత కష్టం.

ఇటీవలి పరిణామాలు

షుఎయిషా 2019లో 'మాంగా ప్లస్' ద్వారా తన కథలను విదేశీ పాఠకులకు నేరుగా అందించడం ప్రారంభించి, 2022లో విదేశీ చిత్రకారులు తమ కథలను పంపే వేదికను దానికి జోడించింది. దూరం నుంచి నేము చర్చించుకోవడం ఇప్పుడు అసాధారణం కాదు. భారత కాలమానం జపాన్ కంటే మూడున్నర గంటలు మాత్రమే వెనుక ఉన్నందున, అమెరికా పనివేళలకు రాత్రిళ్లు మేలుకోవడం అలవాటైన హైదరాబాదు ఐటీ ప్రాంతానికి టోక్యో సంపాదకుడితో మధ్యాహ్నపు సమావేశం ఎంతో సులువు.

కొరియా నుంచి వ్యాపించిన వెబ్‌టూన్, అంటే ఫోనులో పైనుంచి కిందికి జరుపుతూ చదివే రంగుల చిత్రకథ, జపాన్‌లో 2016లో మొదలైన పిక్కోమా వంటి వేదికల ద్వారా స్థిరపడింది. రచన, రేఖలు, రంగు, నేపథ్యం వేర్వేరు చేతులు చేసే స్టూడియో పద్ధతి వెబ్‌టూన్‌లో సాధారణం కనుక హైదరాబాదు వంటి నగరాల నైపుణ్యానికి అది వారపత్రిక మాంగాకంటే సన్నిహితం. అయితే పేరు, హక్కు రెండూ చిత్రకారుడికి దక్కే అవకాశం ఆ పద్ధతిలో తగ్గుతుంది.

పాఠక, ప్రేక్షక వర్గం తెలుగు నేలపై విస్తరిస్తోంది. సాకో యూగో జపాన్‌లో భారత యానిమేటర్ రామ్ మోహన్ తదితరులతో కలిసి 1990ల మొదట్లో రూపొందించిన రామాయణ చిత్రం 2025 జనవరిలో తెలుగు అనువాదంతో థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగులోనూ విడుదలైంది. జపాన్ యానిమేషన్‌ను ప్రపంచమంతటా ప్రసారం చేసే క్రంచిరోల్ సంస్థకు హైదరాబాదులో కార్యాలయం ఉంది.